కూలికై నిలుచు చోటు: పదవిచారము, సాహిత్యవిచారము

శ్రమజీవిని గూర్చిన సాహిత్యమును పరిశీలించునపుడు విమర్శకులు సాధారణముగా మూడు విషయములను చర్చింతురు: ఆతడు చేయు పని, ఆతనికి ముట్టు కూలి, కూలి చాలనపుడు ఆతడు చేయు సమ్మె. ఈ మూడింటికిని ముందు జరుగు నాలుగవ విషయ మొకటి కలదు. అది పనికై వేచియుండుట. నెలజీతగానికి ఈ అవస్థ ఉద్యోగము దొరకువఱకే; దినకూలికి అది ప్రతి ఉదయమును తిరిగి మొదలగును. ఏనాటి పనిని ఆనాడే వెదకికొనవలసినవానికి, వెదకుట కొక చోటు కావలెను. ఆ చోటు ఎట్లేర్పడుచున్నది? దానికి లోకము పెట్టిన పేర్లు ఏమి చెప్పుచున్నవి? రచయితలు దానిని ఎచ్చట నిలిచి చూచిరి? ఈ ప్రశ్నలను మేమిచ్చట విచారింపదలచితిమి. మా ప్రతిపాదన యిది: వేచియుండు చోటును చూపిన తీరే, ఒక రచన కూలివానిని ఎవరి కంటితో చూచుచున్నదో తెలుపు గీటురాయి. ఆ చోటు సాహిత్యమున కనబడకపోవుటకును, ఊరిలో దానికి తగిన స్థలము దొరకకపోవుటకును కారణ మొక్కటియే యని కూడ మా యభిప్రాయము.

ముందుగా ఆ చోటునే చూతము. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో ఉదయమున కొన్ని కూడళ్లయందు స్త్రీలును పురుషులును గుంపులుగా నిలిచియుందురు. కొందఱి చేతిలో తాపీ, కొందఱి చేతిలో పాఱయో గడ్డపాఱయో, మఱికొందఱి చేతిలో రంగువేయు కుంచె. చేతిలోని పనిముట్టు ఆ మనిషి పనిని నోరు తెఱవకయే చెప్పును. చీరపై మగవారి చొక్కా తొడిగికొని, తట్టను ప్రక్కన పెట్టికొని నిలిచిన స్త్రీలు సిమెంటు మోయువారు. ప్రతివారి చెంతను అన్నపు డబ్బా యుండును. ద్విచక్రవాహనముపై ఒక మేస్త్రియో, ఇల్లు కట్టుకొనుచున్న గృహస్థుడో వచ్చి ఆగగానే పదిమంది చుట్టును మూగుదురు. బేరము కొద్ది నిమిషములలో ముగియును. ప్రొద్దెక్కినకొలదిని నిలిచినవారి సంఖ్య తగ్గును, అడుగు కూలియు తగ్గును. మిగిలినవారు అన్నపు డబ్బాను విప్పకయే ఇంటికి మఱలుదురు. దీనికే నేటి తెలుగున అడ్డా యని పేరు. ఇచ్చట నిలుచువారు అడ్డా కూలీలు.

ఈ స్థలమును ఏ అధికారియు నిర్ణయింపలేదు. అయినను అది యాదృచ్ఛికము కాదు. బస్సు దిగు చోటునకు దగ్గఱగా నుండుట, తెల్లవాఱకముందే తెఱచు టీ దుకాణ ముండుట, సిమెంటు, ఇనుము అమ్ము అంగళ్ల మీదుగా మేస్త్రులు పోవు దారి యగుట, బండి ఆగుటకు కొంత ఎడము ఉండుట, ఇవి యన్నియు కలిసినచోటనే అడ్డా నిలుచును. దినదినము వందలమంది పరీక్షించి ఎన్నుకొన్న స్థలమది. దానిలో లేనివి నీడ, నీరు, మరుగుదొడ్డి, కూర్చుండుటకు అరుగు.

ఇక పదమును విచారింతము. అడ్డా అనునది హిందీనుండి వచ్చిన మాట. ఆ భాషలో దానికి పక్షి వ్రాలు కొయ్య యనియు, బండ్లు నిలుచు చోటనియు, మనుష్యులు చేరు తావనియు అర్థములు కలవు. తెలుగువాని చెవికి ఈ మాట వినబడగానే మఱియొకటి తోచును: అడ్డము, అడ్డు. ఈ రెండింటిని ఒక్క ధాతువునుండి సాధింపబూనుట మా యుద్దేశము కాదు. కాని వాడుకలో ఈ ధ్వనిసామ్యము వ్యర్థముగా లేదు. నిలిచినవానికి అది అడ్డా. ఎదుటి దుకాణదారునకును, వాహనముల రాకపోకలను నడపు అధికారికిని అదియే అడ్డు. ఒక్క గుంపు, రెండు చూపులు.

మూడవ అడ్డ యొకటి కలదు. అది మన ప్రాతకొలత. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము. గింజలలో కూలి కొలిచిన కాలమున సోల, తవ్వ, మానిక, అడ్డ అనునవి కూలివాని నోట నిత్యము మెలగిన మాటలు. ఆ వ్యవస్థలో పని ఎవరి పొలమున, ఎవరి కళ్లమున అనునది చాలవఱకు ముందే తెలిసియుండును. కబురు ఇంటికి వచ్చును. కూడలిలో నిలువ నక్కఱలేదు. ఇది ఆ కాలమును పొగడుట కాదు. ఆ తెలిసియుండుటలోనే అప్పును, పాలేరుతనమును, తరతరముల వెట్టియు ఇమిడియున్నవి. ఒక అడ్డలో కట్టు కలదు, స్వేచ్ఛ లేదు. మఱియొక అడ్డాలో స్వేచ్ఛ కలదు, రేపటి మాట లేదు. తెలుగు కూలివాని చరిత్రలో ఒక పెద్ద భాగము ఈ రెండు మాటల నడుమ నడచినది.

ఈ నడుమ మార్గము లేకపోలేదు. పాలమూరు జిల్లానుండి దూరప్రాంతముల ఆనకట్టలకును కాలువలకును పోయిన కూలీలను గుంపుమేస్త్రి ఊరిలోనే బయానా యిచ్చి తీసికొనిపోయెను. వారికి కూడలి లేదు. బయానాయే వారిని కట్టిన త్రాడు. అంతకు పూర్వమే నిజాము రాజ్యమునుండి బొంబాయికి తరలి ఆ నగర నిర్మాణమున పనిచేసిన తెలుగు కామాటులు తమ పేరును అచ్చటి కామాఠీపురాకు ఇచ్చిరి. నేడా పేరు విన్నవారికి తోచునది వేఱు విషయము. కట్టినవారి పేరు నిలిచినది, అర్థము మాసినది.

మన సాహిత్యమున ఈ విషయ మెట్లున్నది? రెండు ప్రసిద్ధ గ్రంథములను తీసికొందము. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 1922లో వెలువడినది. కూలి తగవును నవలకు కేంద్రములలో ఒకటిగా చేసిన గౌరవము ఆ గ్రంథమునకు చెల్లును. అందు కూలివాని స్థలములు పల్లె, పొలము, కళ్లము. అచ్చట యజమానియు కూలియు ఒకరి నొకరు పేరుతో ఎఱుగుదురు. తగవు ముదిరినపుడు ఆ పరిచయమే దానిని ఘోరము చేయును. శ్రీశ్రీగారి ‘మహాప్రస్థానం’ 1950లో గ్రంథరూపమున వచ్చినది. అందలి ‘దేశచరిత్రలు’ తాజమహలు నిర్మాణమునకు రాళ్లు మోసిన కూలీలెవరని ప్రశ్నించినది. చరిత్ర పుటలలో లేనివానిని చరిత్రకర్తగా నిలిపిన ప్రశ్న యది. కాని ఆ కూలి మన కగపడునప్పటికే రాయి ఆతని భుజముపై నున్నది. ఆ రాయి దొరకుటకు ముందు ఆతడెచ్చట నిలిచెను, ఎంతసేపు నిలిచెను, తనతో నిలిచినవారిలో ఎందఱు వట్టిచేతులతో మఱలిరి అనునది ఆ ప్రశ్నకు వెలుపల నున్నది.

ఇది ఆ మహాకృతులకు దోషమని మేము చెప్పుట లేదు. ‘మాలపల్లి’ చిత్రించిన సమాజమున కూడలి ముఖ్యము కాదు. శ్రీశ్రీగారి ప్రశ్న చరిత్రరచనను గూర్చినది. దోషము మన విమర్శది. ఈ రెండింటిని శ్రామిక సాహిత్యమున కంతటికిని కొలమానములుగా గొని, పని మొదలైన పిమ్మటనే శ్రామికుడు పుట్టునట్లు మనము భావించుచున్నాము. పనిలేని దినమున కూడ ఆతడు శ్రామికుడే.

ఈ లోపము మనది మాత్రమేనా యని ఇతరదేశముల వైపు చూచినచో, ప్రాచీన గ్రీసునుండియే ఇది మొదలైనట్లు తోచును. ఏథెన్సు నగరమున అగోరాకు పడమట ఒక గుట్ట కలదు. దానికి కొలోనోస్ అగోరైయోస్ అని పేరు. కూలికి పోవువారు అచ్చట చేరెడివారు గనుక వారిని ఆ గుట్ట పేరుతోనే పిలిచిరని ప్రాచీన నిఘంటుకర్తలు వ్రాసిరి. కొలోనోస్ అను పేరుగల స్థలము మఱియొకటి నగరమునకు వెలుపల నుండెను. అంధుడైన ఈడిపస్ తుదకు చేరి విశ్రమించినది ఆ రెండవదానియందు. సోఫోక్లీసు దానిపై నాటకము వ్రాసి దానిని లోకప్రసిద్ధము చేసెను. ఒక కొలోనోసునకు మహానాటకము దక్కినది. కూలివారి కొలోనోసునకు నిఘంటువున ఒక వివరణ దక్కినది. అదియు రెండింటిని కలిపి పొరపడకుండుటకై వ్రాసినది.

పారిసు నగరపు చరిత్ర ఇంకను విచిత్రము. సేన్ నదియొడ్డున ఇసుకయు గులకయు గల మేటకు గ్రేవ్ అని పేరు. అచ్చట పడవలు సరకు దించెడివి గనుక పనిలేనివారు అచ్చట చేరిరి. గ్రేవ్‌లో నుండుట యనగా పనికై వేచియుండుట యని ఫ్రెంచి వాడుక. కాలక్రమమున ఆ మాట పని మానుట యను నర్థమును పొందినది. నేడు ఫ్రెంచిలో సమ్మెకు గ్రేవ్ అనియే పేరు. పని దొరకక నిలుచుటకును, పని నిరాకరించి నిలుచుటకును ఒక్క మాట యగుట శబ్దశాస్త్రజ్ఞునకు అర్థవిపరిణామము మాత్రమే కావచ్చును. కాని దానికి లోకములో కారణము కలదు. ఒంటరిగా వేచియున్నవాడు యిచ్చినంత పుచ్చుకొనును. పదుగురితో వేచియున్నవాడు ఇంతకు తక్కువకు రానని చెప్పగలడు. కూడలి కూలివానికి బేరము నేర్పిన పాఠశాల. ఇంతటి చరిత్రగల ఆ చోటును విక్టర్ హ్యూగో తన ‘నోత్రదామ్ ద పారీ’ (1831) నవలలో ఒక అధ్యాయమున వర్ణించెను. ఆయన కంటికి అందు ప్రధానముగా కనబడినవి ఉరికంబమును, శిక్షాస్తంభమును. ఆ మైదానమున మనుష్యులను చంపుటయు నిజమే, మనుష్యులు పనికై నిలుచుటయు నిజమే. నవలకు మొదటిది ఎక్కువ ఉపయోగపడినది.

జపాను భాషలో ఇట్టి చోటునకు యోసెబా యని పేరు. అనగా మనుష్యులను చేర్చు తావు. ఇదే మాట 1790లో ఎదో నగరమున, నేటి తోక్యోలో, నిలువనీడ లేనివారిని పట్టి ఉంచి పనిచేయించిన నిర్బంధగృహమునకు ఉపయోగింపబడినది. స్వచ్ఛందముగా చేరుటకును, బలవంతముగా చేర్చుటకును పేరొక్కటియే. ఇరువదవ శతాబ్దిలో ఒసాకా నగరమందలి కామగసాకి ఆ దేశపు పెద్ద యోసెబా యయ్యెను. అచ్చట దినకూలీల కొఱకు 1970లో ఒక పెద్ద భవనమును తెఱచిరి. వానకు తడియక నిలువగల విశాలమైన నేల, దానిచెంతనే పని యిచ్చువారి బండ్లు ఆగుటకు వీలు, ఒకేచోట నేర్పడినవి. భూకంపమునకు తాళలేదని 2019లో దానిని మూసివేసిరి. కూలికై నిలుచు చోటు కూడ శ్రద్ధతో ఆలోచించి కట్టదగినదే యని ఒక నగరము దాదాపు ఏబది యేండ్లు అంగీకరించిన దనుటకు ఇది నిదర్శనము.

పదములనుండి కథలకు వత్తము. మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయమున ద్రాక్షతోట యజమాని ఉపమానము ప్రసిద్ధము. దాని పరమార్థమును వేదాంతులు చెప్పగలరు. మేము కథాస్వరూపమును మాత్రమే చూతుము. యజమాని ప్రొద్దుననే పోయి ఒక దేనారమునకు ఒడబడి కూలీలను పిలిచెను. పిమ్మట మూడవ గంటకు, ఆఱవ గంటకు, తొమ్మిదవ గంటకు, తుదకు పదునొకండవ గంటకు వెడలి ఇంకను నిలిచియున్నవారిని తెచ్చెను. సాయంకాలమున అందఱికిని ఒక్కొక్క దేనారమే యిచ్చెను. కథకుడు యజమానితోనే నడచును. అగోరా మనకు కనబడునది యజమాని అచ్చట అడుగుపెట్టినపుడే. మూడవ గంటకును ఆఱవ గంటకును నడుమ అచ్చట నిలిచినవారి స్థితి యేమో కథలో లేదు. వారిని గూర్చి మూలమున వాడబడిన గ్రీకుపదము ఆర్గోస్. దానికి మూలార్థము పనిలేనివాడు, వాడుకార్థము సోమరి. తెలుగున పనిలేనివాడు అనునదియు సరిగా ఈ రెండర్థములనే మోయుచున్నది. అనువాదకుడు ఏ మాట ఎన్నుకొన్నను ఒక తీర్పు చెప్పియే తీరవలెను.

అయినను ఈ కథలో ఒక విశేషము కలదు. ప్రొద్దుననుండి నిలిచితిరేమని యజమాని అడుగగా, ఎవరును మమ్ము పిలువలేదని వారు చెప్పిరి. వేచియున్నవాని నోట వెలువడిన మాట కథ అంతటిలో ఇదియొక్కటియే. యజమాని దానిని నమ్మెను, నమ్మి పూర్తికూలి యిచ్చెను. తాము ఎండను భరించితిమని మొదట వచ్చినవారు సణిగిరి. అగోరాలో నిలిచినవారును అదే యెండలో నిలిచిరి. వేచియుండుటయు ఆ దినములోని భాగమే యని ఆ కూలి పరోక్షముగా ఒప్పుకొనుచున్నదని మా పఠనము.

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లనవలలో థామస్ హార్డీ వ్రాసిన ‘ఫార్ ఫ్రమ్ ది మాడింగ్ క్రౌడ్’ (1874) ఇందులకు ప్రతిగా నిలుచును. గొఱ్ఱెలను పోగొట్టుకొని దివాలా తీసిన గేబ్రియల్ ఓక్ కాస్టర్‌బ్రిడ్జి పట్టణమున పనివాండ్ర సంతకు వచ్చును. అది దినకూలి సంత కాదు, ఏడాది కొలువుల సంత. కాని నిలుచు తీరొక్కటియే. బండితోలువాడు టోపీకి కొరడా త్రాటిముక్కను, కప్పు నేయువాడు అల్లిన గడ్డిని తగిలించుకొందురు. కాపరి చేతికఱ్ఱ పట్టును. మన అడ్డాలోని తాపీయు కుంచెయు మాటాడు భాషయే యిది. ఓక్ మొదట వ్యవసాయపు పెత్తందారు పనికై నిలిచెను. ఆనాడు కాపరులు కావలసివచ్చిరి. కఱ్ఱ చేయించుకొని, కోటు మార్చుకొని కాపరిగా నిలువగా, పెత్తందారులకు గిరాకి వచ్చెను. ఇదివఱకు ఎవరి పొలమున పనిచేసితివని అడిగినవారికి నా సొంత పొలముననే యని చెప్పగా వారు అనుమానించి తొలగిరి. ఇచ్చట కథకుడు యజమానితో పోక ఓక్‌తోనే నిలిచెను. అందువలన పాఠకునకును కాళ్లు నొచ్చును. ఇదియే మేము చెప్పిన గీటురాయి.

హార్డీ సైతము ఆ చోట పూర్తిగా నిలువలేదు. ఓక్‌కు పని సంతలో దొరకలేదు. ఆ రాత్రి ఒకచోట అగ్నిప్రమాద మేర్పడగా మంటలార్పి, ఆ పొలముననే కాపరిగా చేరెను. నాయకునకు అదృష్టము తోడుపడినది. సంతలో మిగిలినవారికి మంటలు తోడుపడవు. నవల నాయకుని వెంట పోక తప్పదు గనుక వారిని విడిచిపెట్టెను.

పై పరిశీలనమువలన కూలికై నిలుచు చోటునకు ఉండదగిన లక్షణములు మూడు తేలుచున్నవి. మొదటిది కనబడుట: పనియిచ్చువాని దారిలో నుండవలెను. రెండవది కలిసియుండుట: కూలి రేటు పడిపోకుండ నిలిపెడి తోటివా రుండవలెను. మూడవది నిలువగలుగుట: నీడ, నీరు, ప్రత్యేకించి స్త్రీలకు మరుగు ఉండవలెను. మొదటి రెండింటిని కూలీలే సాధించుకొనిరి. మూడవది వారి చేతిలో లేదు. అధికారులు మూడవదానిని కల్పింపబూని గుంపును దూరమున ఒక కప్పు క్రిందికి మార్చినచో మొదటిది పోవును. మేస్త్రి అచ్చటికి రాడు. మేస్త్రి రానిచోట కూలి నిలువడు. కొద్ది దినములకే గుంపు మఱల కూడలికి చేరును. చూచువారు కూలీలకు క్రమశిక్షణ లేదందురు. లేనిది క్రమశిక్షణ కాదు, ఆ కప్పు క్రింద పని. కనుక తగిన చోటనగా వేఱొక చోటు కాదు. ఉన్న చోటునే తగినదిగా చేయుట.

చేతిలో ఫోనున్న కాలమున అడ్డాతో పనియేమని కొంద ఱడుగవచ్చును. మేస్త్రి ఎఱిగినవానిని ఫోనులో పిలుచుట నిజమే. కాని ఎఱుగుట యనునది ఎచ్చటనో మొదలు కావలెను. నిన్న రైలు దిగినవానికి, మేస్త్రితో తగవు పడినవానికి, భర్త పోయి తొలిసారి పనికి వెడలిన స్త్రీకి కూడలియే దిక్కు.

మన చట్టములు సైతము సాహిత్యము పోయిన దారినే పోయినవి. భవననిర్మాణ కార్మికుల కొఱకు 1996లో చేసిన కేంద్రచట్టము పనిజరుగు చోట త్రాగునీరు, మరుగుదొడ్డి ఉండవలెనని శాసించినది. పనికై వేచియుండు చోటును గూర్చి అది మాటాడలేదు. సంక్షేమనిధి లబ్ధికి పండ్రెండు నెలలలో తొంబది దినములు పనిచేసియుండవలెనని నియమము పెట్టినది. అడ్డా కూలికి తొంబది దినములకు తొంబదిమంది యజమానులు కావచ్చును; సాక్ష్యము చెప్పువా డెవడు? ఆతనిని ప్రతిదినము చూచినది ఆ కూడలి యొక్కటియే. వీధివర్తకుల కొఱకు 2014లో వచ్చిన చట్టము పట్టణములలో అమ్మకపు స్థలములను గుర్తించుటకు సంఘముల నేర్పఱచినది. కూరగాయలు అమ్ముకొనువానికి వీధిలో చోటు కలదని ఒప్పుకొన్న న్యాయము, తన చేతుల శ్రమను అమ్ముకొనువానికి ఇంకను చెల్లలేదు.

సాహిత్యవిమర్శకునకు ఈ విషయముతో నేమి ప్రసక్తి యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. కనబడనిదానికి స్థలము కేటాయించువా డెవడును లేడని మా సమాధానము. విశ్వవిద్యాలయమునకు వచ్చు దారిలో మేమును ఏండ్ల తరబడి ఒక అడ్డా ప్రక్కగా పోయితిమి. కూలిపాత్రలను గూర్చి పాఠము చెప్పుటకు పోవుచు, ఆ గుంపును దారికి అడ్డుగానే తలచితిమి. అడ్డాలో బేరమాడు మాటలు, పనిముట్ల పేర్లు, పని దొరకని దినమును గూర్చిన నానుడులు నేటికిని నిఘంటువుల కెక్కలేదు. మా విద్యార్థులు వానిని సేకరింప బూనుదురు గాక. ఇకపై శ్రామికజీవితమును గూర్చిన కథ నొకదానిని చేపట్టినపుడు, అందలి కూలి ఎంత కష్టపడెనని అడుగుటకు ముందు, ఆ ఉదయమున ఆతడెచ్చట నిలిచెనని, రచయిత ఆతనితో ఎంతసేపు నిలిచెనని అడుగుట యుక్తమని మేము భావించుచున్నాము.